ఏళ్ల తరబడి కదలని ఒంటితో మొదటి మారథాన్: ఎంత గడువు, ఏ పద్ధతి, ఏ రేసు

ఉద్యోగంలో చేరాక ఆటలు మానేసి, పదేళ్లో పదిహేనేళ్లో గడిచాక ఒకరోజు మారథాన్ పరుగెత్తాలని అనుకునేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పడమో, ఆఫీసులో పక్క సీటాయన మెడల్ ఫొటో వాట్సాప్‌లో పెట్టడమో కారణం అవుతుంది. అనుకున్న వెంటనే అందరూ చేసే పని ఫోన్‌లో ట్రైనింగ్ ప్లాన్ వెతకడం. దొరికే ప్లాన్లు దాదాపు అన్నీ మంచివే, కాకపోతే ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాశారో వాళ్లకి మంచివి. ప్లాన్ కంటే ముందు తేల్చుకోవాల్సింది గడువు. అది తేలితే పద్ధతి, రేసు, బూట్లు దాని వెనకే వస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కదలికే లేని స్థితి నుంచి 42.195 కిలోమీటర్లకు ఏడాదిన్నర పెట్టుకోండి. మధ్యలో ఒక 10కే (10 కిలోమీటర్ల రేసు), ఒక హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) పూర్తి చెయ్యండి. పరుగు, నడక కలిపే రన్-వాక్ పద్ధతి పట్టుకోండి. ఫుల్ మారథాన్‌కి చలికాలం రేసు ఎంచుకోండి. కొందరి విషయంలో ఈ సలహా మారుతుంది. ఎవరికి, ఎందుకు మారుతుందో చెప్పడానికే ఇదంతా.

ఆరు నెలలా, ఏడాదా, ఏడాదిన్నరా

ఆరు నెలల ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందంటే, కూర్చున్న మనిషిని 5 కిలోమీటర్ల పరుగుకి తెచ్చే కౌచ్ టు 5కే ప్లాన్ తొమ్మిది వారాలు, పేరున్న కొత్తవాళ్ల మారథాన్ ప్లాన్లు పద్దెనిమిది వారాలు. రెండూ కలిపితే ఇరవై ఏడు. కాగితం మీద చక్కగా సరిపోయింది. కానీ బాగా వాడుకలో ఉన్న, అమెరికన్ కోచ్ హాల్ హిగ్డన్ రాసిన నోవీస్ 1 ప్లాన్ తీసి చూడండి. మొదటి వారంలోనే మూడు చిన్న పరుగులు, వారాంతంలో 6 మైళ్లు, అంటే దాదాపు పది కిలోమీటర్లు ఉంటుంది. జీవితంలో మొదటిసారి 5 కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తిన మనిషి ఆ మరుసటి వారమే పది పరుగెత్తాలన్నమాట. ఆ ప్లాన్‌లో తప్పేమీ లేదు. అప్పటికే కొంత పరుగు అలవాటున్నవాళ్ల కోసం రాసింది.

పరుగు మొదలుపెట్టిన ఆరేడు వారాలకే ఊపిరి దారికొస్తుంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గుతుంది, నిద్ర బాగా పడుతుంది, ఇంకా చాలా పరుగెత్తగలను అనిపిస్తుంది. గుండె, ఊపిరితిత్తులు తొందరగా అలవాటు పడతాయి. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్లకీ, ఎముకలకీ మాత్రం నెలలు కావాలి. కాలి ముందు ఎముక వెంట నొప్పి, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో పోటు, మోకాలి పక్కన లాగడం, ఇవన్నీ ఎక్కువగా ఊపిరి ముందుకెళ్లి కాళ్లు వెనకబడి ఉన్న ఆ నెలల్లోనే వస్తాయి. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల వేగంతో పరుగెత్తే మనిషి నిమిషానికి 160 అడుగులు వేస్తాడనుకుంటే కిలోమీటరుకు 1,280 అడుగులు. ప్రతి అడుగులో కాలి మీద పడే భారం ఒంటి బరువుకు రెండింతల పైనే. 85 కిలోల మనిషి తన విషయంలో ఇది ఎంతవుతుందో ఒకసారి లెక్క వేసుకోవాలి.

అయినా ఆరేడు నెలల్లో దిగ్గలిగేవాళ్లు కొందరున్నారు. వ్యాయామం చెయ్యట్లేదని చెబుతారు గానీ వారానికి మూడు రోజులు షటిల్ ఆడతారు, లేదా మెట్రో దాకా రోజూ రానూపోనూ నాలుగు కిలోమీటర్లు నడుస్తారు, లేదా రోజంతా నిలబడి తిరిగే ఉద్యోగం. వీళ్ల కాళ్లు ఖాళీగా లేవు. పొలం పనిచేసే మనిషికి జిమ్ ముఖమే తెలియకపోయినా టెన్షన్ లేదు, కాళ్లు ఎప్పుడో తయారై ఉంటాయి.

ఏడాది గడువు ముప్పై అయిదు లోపు వయసు, బరువు మరీ ఎక్కువ లేకపోవడం, పాత దెబ్బలు లేకపోవడం, ఈ మూడూ ఉన్నవాళ్లకి బాగానే కుదురుతుంది. కాలేజీలో కబడ్డీ, ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ ఆడినవాళ్లు తమని ఈ గుంపులో వేసుకుంటారు. జాగ్రత్తగా ఉండాల్సింది ముందు వాళ్లే. పాత వేగం బుర్రకి గుర్తుంటుంది, పిక్కలకి గుర్తుండదు. రెండో వారంలోనే స్ప్రింట్ కొట్టి తొడ కండరం పట్టేయించుకునేది ఎక్కువగా ఈ మాజీ ఆటగాళ్లే.

ఏడాదిన్నర అంటే బద్ధకం కాదు. మొదటి మూడు నాలుగు నెలలు నడక, దానిమీద కౌచ్ టు 5కే. తర్వాత నాలుగు నెలలు 10కే. ఆపైన హాఫ్. చివరి నాలుగైదు నెలలు ఫుల్. ఈ గడువుకున్న అసలు లాభం ఏమిటంటే మన ఇళ్లల్లో జరిగేవన్నీ ఇందులో ఇమిడిపోతాయి. వైరల్ ఫీవర్‌తో రెండు వారాలు పోతాయి. మాఘమాసం పెళ్లిళ్లలో ఒక నెల సగం పోతుంది. అయ్యప్ప మాల వేసుకునేవాళ్లకి నవంబరు, డిసెంబరుల్లో చెప్పుల్లేని నడక, ఒంటిపూట భిక్ష ఉంటాయి. జనవరి రేసుకి పెద్ద లాంగ్ రన్లు (వారాంతంలో చేసే దూరపు పరుగులు) పడేది సరిగ్గా అప్పుడే. మాల వేసే ఏడాది ఫుల్ పెట్టుకోకపోవడమే మంచిది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఉపవాసం ఉండేవాళ్లు ఆ నెలని ప్లాన్‌లో తేలిక వారాలుగా ముందే గుర్తుపెట్టుకోవాలి. ఆరు నెలల ప్లాన్‌లో ఇలాంటి ఒక్క విరామం వచ్చినా మిగతాదంతా కూలుతుంది. అప్పుడు పోయిన వారాలు కవర్ చెయ్యాలని ఒకేసారి దూరం పెంచుతారు, మోకాలు పట్టుకుంటారు.

ఫుల్ నిజంగా కావాలా అన్నది కూడా ఆలోచించండి. ఆరోగ్యం కోసమే అయితే 10కే, హాఫ్ చాలు. షుగర్, బీపీ, బరువు, నిద్ర, ఇవన్నీ దారిలో పడటానికి వారానికి మూడు నాలుగు రోజుల మామూలు పరుగు సరిపోతుంది. ఫుల్‌కి అదనంగా పడే నాలుగైదు నెలలు ఆరోగ్యానికి కాదు, కోరికకి. ఆ కోరిక ఉంటే తప్పు లేదు. పిల్లల పదో తరగతి ఏడాదో, ఉద్యోగం మారే ఏడాదో అయితే మాత్రం హాఫ్ దగ్గర ఆగండి.

బూట్ల కంటే ముందు డాక్టర్

నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని కలవకుండా మొదలుపెట్టొద్దు. ఈసీజీ, అవసరమంటే ట్రెడ్‌మిల్ టెస్ట్, 2డి ఎకో ఆయన రాస్తారు. వాటితోపాటు హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), విటమిన్ డి, బి12 కూడా చూపించుకోండి. ఆఫీసు ఏసీలో ఉండేవాళ్లలో డి, శాకాహారుల్లో బి12, ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ తక్కువ ఉండటం మామూలు. అవి తక్కువుంటే ఎంత మంచి ప్లాన్ అయినా నీరసమే మిగులుతుంది. కాన్పు తర్వాత తిరిగి మొదలుపెట్టే ఆడవాళ్లకి పరుగులో మూత్రం చుక్కలుగా పడటం జరుగుతుంది. సిగ్గుపడి ఊరుకోవద్దు, ఫిజియోథెరపిస్ట్ నేర్పే వ్యాయామాలతో చాలామందికి తగ్గుతుంది.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి పొద్దున ఖాళీ కడుపుతో పరుగెత్తితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. డోసు, తిండి వేళ డాక్టర్‌తో మాట్లాడే మార్చుకోవాలి. పరుగులో ఛాతీ బిగిసినట్టు ఉన్నా, దవడకో చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్లండి. అసిడిటీ అనుకుని ఇంటికి నడవొద్దు.

ఏ పద్ధతి

మొదటి మెట్టు అందరికీ ఒకటే, కౌచ్ టు 5కే. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ తయారుచేసిన క్రమం ఇది. ఐదు నిమిషాల నడక తర్వాత 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడక, అలా ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు. అసలు గడువు తొమ్మిది వారాలు. ఏళ్ల నుంచి కూర్చున్నవాళ్లు ఒక్కో వారాన్ని రెండుసార్లు చెయ్యడానికి మొహమాటపడొద్దు. దీనికి ముందు నెలరోజులు రోజూ అరగంట నుంచి ముప్పావుగంట చురుకైన నడక ఉంటే ఇంకా మంచిది. దీని తర్వాత దారులు విడిపోతాయి.

రన్-వాక్ పద్ధతికి ఎక్కువ పేరు తెచ్చింది జెఫ్ గాలోవే. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పరుగెత్తిన ఆయన కొత్తవాళ్ల కోసం దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. వారానికి మూడే రోజులు. అందులో రెండు అరగంట పరుగులు, ఒకటి వారాంతంలో లాంగ్ రన్. అలసిపోయాక నడవడం ఇందులో ఉండదు. మొదటి కిలోమీటరు నుంచే గడియారం చూసి పరుగు, నడక మార్చుకుంటూ పోవాలి. లాంగ్ రన్లు రెండు మూడు వారాలకు ఒకసారి పెరుగుతూ దాదాపు పూర్తి దూరం దాకా వెళ్తాయి, కాకపోతే చాలా నెమ్మదిగా.

నడిస్తే మారథాన్ ఎలా అవుతుందని మనవాళ్లకి ఒక చిన్నచూపు ఉంది. లెక్క చూడండి. గంటకు 8 కిలోమీటర్ల నెమ్మది జాగింగ్, గంటకు 5.5 కిలోమీటర్ల నడక, ఒక్కో నిమిషం చొప్పున మార్చుకుంటే సగటు వేగం 6.75. ఆ లెక్కన 42.195 కిలోమీటర్లు 6 గంటల 15 నిమిషాల్లో పూర్తవుతాయి. రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అయితే 5 గంటల 53 నిమిషాలు. మొదటి నుంచి పరుగే పరుగని బయల్దేరి, 28వ కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసి మిగతాది కుంటుకుంటూ నడిచేవాళ్లకి ఇంతకన్నా ఎక్కువే పడుతుంది. అంతా చురుకైన నడకే అయితే, గంటకు 6 కిలోమీటర్ల లెక్కన, 7 గంటలు దాటుతుంది. ఏడు గంటల కటాఫ్ (రేసు ముగించాల్సిన గడువు) ఉన్న రేసు అక్కడ చేజారుతుంది. ఆరు గంటల కటాఫ్ అంటే కిలోమీటరుకు 8 నిమిషాల 32 సెకన్లు, ఆరున్నర అంటే 9 నిమిషాల 14 సెకన్లు. మంచినీళ్లకి, వాష్‌రూమ్‌కి ఆగేది కూడా అందులోనే. రేసు పేరు కంటే ముందు దాని కటాఫ్ చదవండి.

హిగ్డన్ నోవీస్ 1 వారానికి నాలుగు రోజుల పరుగు, ఒక రోజు సైకిల్ లాంటి వేరే వ్యాయామం. 18 వారాల్లో అతి పెద్ద పరుగు 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు, రేసుకు మూడు వారాల ముందు. క్రమం చాలా సరళంగా ఉంటుంది, ఫ్రిజ్ మీద అంటించుకుంటే చాలు. హాఫ్ పూర్తి చేసి, వారానికి పాతిక ముప్పై కిలోమీటర్లు నొప్పుల్లేకుండా పరుగెత్తేవాళ్లకి ఇది రన్-వాక్ కంటే బాగుంటుంది. ఈ ప్లాన్‌నే రన్-వాక్‌లో చేసుకోవచ్చు కూడా, ఎవరూ అడ్డుకోరు. యాభై దాటినవాళ్లకి, బరువు ఎక్కువున్నవాళ్లకి నాలుగు రోజుల కంటే మూడు రోజుల పరుగు, మిగతా రోజుల్లో ఈత, సైకిల్ నయం.

మాఫెటోన్ పద్ధతిలో గుండె వేగమే కొలత. 180 నుంచి వయసు తీసెయ్యాలి, చాలాకాలం తర్వాత మొదలుపెట్టేవాళ్లు ఇంకో 5 తీసెయ్యాలి. 45 ఏళ్లవాళ్లకి 130 వస్తుంది. పరుగులో గుండె వేగం అది దాటకూడదు. మొదట్లో నాలుగడుగులు జాగింగ్ చేస్తేనే 130 దాటుతుంది కాబట్టి రెండు మూడు నెలలు దాదాపు నడకే అవుతుంది. దెబ్బలు తగలకుండా ఉండటానికి ఇది భద్రమైన దారే గానీ, చాలామంది విసిగి మానేస్తారు. ఎండాకాలంలో ఉక్కకే గుండె వేగం పెరిగిపోతుంది, అప్పుడు ఈ అంకె ఇంకా చికాకు పెడుతుంది. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి ఇది అసలు పనికిరాదు, మందే గుండె వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి. అలాంటివాళ్లు, వాచీ లేనివాళ్లు మాట పరీక్ష పెట్టుకోవచ్చు. పరుగెత్తుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉంది, రెండు ముక్కలకే ఊపిరి అందకపోతే ఎక్కువైంది.

హాన్సన్స్ లాంటి వారానికి ఆరు రోజుల ప్లాన్లు కూడా కనిపిస్తాయి. లాంగ్ రన్ 16 మైళ్లకే ఆగుతుందని చూసి తేలిక అనుకోవద్దు, అక్కడ భారమంతా వారం పొడుగునా ఉంటుంది. మొదటి ఫుల్‌కి వదిలెయ్యండి.

ఏది పట్టుకున్నా వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు బలం పెంచే వ్యాయామాలు కలపాల్సిందే. మునివేళ్ల మీద లేవడం, స్క్వాట్, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జ్, మెట్టెక్కి దిగడం. ప్లాన్‌లో మనవాళ్లు మొట్టమొదట ఎగ్గొట్టేది ఇదే. యోగా చేస్తున్నాం కదా అంటారు. యోగా మంచిదే, కానీ పిక్కలకి, పిరుదులకి బరువు మోసే పని వేరే ఇవ్వాలి.

నొప్పి విషయంలో ఒక్క తేడా తెలిస్తే చాలు. రెండు కాళ్లలోనూ మొండిగా, కండరమంతా పరుచుకుని ఉండే నొప్పి అలవాటులేని పని వల్ల వచ్చింది, రెండు రోజుల్లో పోతుంది. ఒకే కాలిలో, వేలు పెట్టి చూపించగలిగినంత ఒకే చోట, పరుగెత్తే కొద్దీ పెరిగే నొప్పి అయితే ఆపెయ్యండి. ఎముక మీద అలాంటి నొప్పి ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని పగులు) అనుమానించి చూపించుకోవాలి. పెయిన్ కిల్లర్ వేసుకుని పరుగెత్తడం ఎప్పుడూ వద్దు. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకి చేటు.

ఒక్కరేనా, గుంపుతోనా, కోచ్‌తోనా

మొదటి మూడు నెలలు ఒక్కరే, ఆ తర్వాత గుంపు. ఇది నా సలహా. కొత్తలో గుంపులో చేరితే పక్కవాళ్ల వేగం అందుకోవాలనే తొందర పుడుతుంది, నడవాల్సిన నిమిషంలో నడవడానికి సిగ్గేస్తుంది. 10కే దాటాక మాత్రం గుంపు లేకుండా కష్టం. హైదరాబాద్‌లో హైదరాబాద్ రన్నర్స్ సొసైటీతోపాటు పేటపేటకీ చిన్న గ్రూపులున్నాయి, విజయవాడ, విశాఖల్లోనూ ఉన్నాయి. ఆదివారం లాంగ్ రన్‌లో మధ్యమధ్య నీళ్లు, అరటిపళ్లు పెట్టేది వీళ్లే. తెల్లవారుజామున నాలుగున్నరకి వీధికుక్కలు ఎదురైతే పదిమంది ఉండటం వేరు, ఒక్కరే ఉండటం వేరు. ఆడవాళ్లకి చీకటి వేళ గుంపు తప్పనిసరి అనే చెబుతాను. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నిలబడి, తిన్నగా కళ్లల్లోకి చూడకుండా మెల్లగా వెనక్కి జరగండి.

డబ్బిచ్చి కోచ్‌ని పెట్టుకోవాలా? పాత మోకాలి దెబ్బ, షుగర్, లేదా ఒకసారి మొదలుపెట్టి గాయంతో మానేసిన చరిత్ర ఉంటే పెట్టుకోండి. చేరేముందు ఆయన తన టైమింగ్ ఎంతో అడగొద్దు, అసలు కదలనివాళ్లని ఎంతమందిని ఫుల్ దాకా తెచ్చారు, అందులో ఎంతమంది మధ్యలో గాయపడ్డారు అని అడగండి. జవాబు తడబడితే ఇంకొకరిని చూసుకోండి. వాచీల్లో, యాప్‌ల్లో వచ్చే ప్లాన్లు క్రమశిక్షణ ఉన్నవాళ్లకి సరిపోతాయి. వాటికి మీ రాత్రి డ్యూటీ సంగతి మాత్రం తెలియదు.

ఎక్కడ పరుగెత్తాలన్నది పెద్ద చర్చ అక్కర్లేదు. మట్టి దారి ఉన్న పార్కు, స్టేడియం ట్రాక్, తర్వాత తారు రోడ్డు, ఆఖర్న సిమెంటు రోడ్డు. ట్రెడ్‌మిల్ ఎండాకాలానికి, రాత్రి డ్యూటీలకి పనికొస్తుంది. రేసు రోడ్డు మీద కాబట్టి లాంగ్ రన్లు రోడ్డు మీదే ఉండాలి. విశాఖలో ఉన్నవాళ్ల అదృష్టం, బీచ్ రోడ్డు పొద్దున కాసేపు వాహనాలు లేకుండా దొరుకుతుంది. మిగతా ఊళ్లల్లో ఎదురొచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకి కుడివైపు పరుగెత్తండి.

ఏ రేసు

మన ఊళ్లో మన రేసు కదా అని హైదరాబాద్ మారథాన్‌కి ఫుల్ పేరిచ్చేస్తారు. ఆగస్టు చివర్లో జరిగే ఈ రేసు దేశంలో కష్టమైన నగర మారథాన్లలో ఒకటిగా పేరుపడింది. నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే దారిలో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు వరసగా తగులుతాయి. పైగా వానాకాలం ఉక్క. దారి కంటే పెద్ద ఇబ్బంది దాని ట్రైనింగ్. ఆగస్టు రేసుకి 18 వారాల ప్లాన్ ఏప్రిల్ చివర్లో మొదలవుతుంది. మే ఎండల్లో దూరం పెంచాలి, ముసురులో 32 కిలోమీటర్లు పరుగెత్తాలి. కిలోమీటరుకి తొమ్మిది నిమిషాల లెక్కన 32 కిలోమీటర్లకి 4 గంటల 48 నిమిషాలు. నాలుగున్నరకి బయల్దేరినా ముగిసేసరికి తొమ్మిదింపావు దాటుతుంది. హాఫ్ అయితే లాంగ్ రన్ రెండున్నర గంటలకి మించదు, ఏడింటికల్లా ఇంట్లో ఉంటారు. అందుకే ఇది హాఫ్‌కి పెట్టుకోవాల్సిన రేసు. ఇక్కడ హాఫ్ పూర్తి చేసిన కాళ్లకి వేరే ఊళ్ల దారులు తేలిగ్గా అనిపిస్తాయి.

ఫుల్‌కి నా మొదటి ఓటు ముంబయికి. 2004 నుంచి జరుగుతున్న ఈ రేసు జనవరి మూడో ఆదివారం ఉంటుంది. సెప్టెంబరు మధ్యలో ప్లాన్ మొదలుపెడితే లాంగ్ రన్లన్నీ దసరా తర్వాత చల్లబడే వాతావరణంలో పడతాయి, 32 కిలోమీటర్ల రోజు డిసెంబరు చివర్లో వస్తుంది. హైదరాబాద్‌లో లాంగ్ రన్ చెయ్యడానికి ఏడాదిలో అంతకంటే మంచి నెల లేదు. దారి పొడుగునా జనం నిలబడి బిస్కెట్లు, నారింజ తొనలు అందిస్తారు, పిల్లలు చేతులు చాపుతారు. ముప్పయ్యో కిలోమీటరు దాటాక కొత్తవాళ్లని ముందుకు నడిపేది చాలావరకు అదే. ఇబ్బందులూ ఉన్నాయి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, పొద్దెక్కాక ఎండ చురుక్కుమంటుంది, పెద్దర్ రోడ్డు ఎత్తు సరిగ్గా అలసిపోయాక ఎదురవుతుంది.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపువాళ్లకి జనవరి మొదట్లో జరిగే చెన్నై మారథాన్ దగ్గర. దారి చదునుగా ఉంటుంది, ఉక్క మాత్రం ముంబయికి తీసిపోదు. ఉత్తరాంధ్రవాళ్లకి సొంత రేసు వైజాగ్ నేవీ మారథాన్. తూర్పు నౌకాదళం ఆధ్వర్యంలో 2014లో మొదలైంది, చలికాలం మొదట్లో బీచ్ రోడ్డు మీద జరుగుతుంది. అలల చప్పుడు పక్కనే ఉన్నా రుషికొండ వైపు ఎత్తులు తక్కువేం కాదు. మొదటి 10కేకి ఇంతకంటే అందమైన దారి మన రాష్ట్రాల్లో లేదని నా నమ్మకం. సెప్టెంబరులో జరిగే లద్దాఖ్ మారథాన్ ఫొటోలు చూసి మనసు పారేసుకునేవాళ్లుంటారు. లేహ్ ఉన్నది సముద్రమట్టానికి 3,500 మీటర్ల ఎత్తులో. మొదటి ఫుల్‌కి అది కాదు.

డాలస్‌లో ఉన్న మనవాళ్లకి డిసెంబరులో ఊరి రేసే ఉంది, హ్యూస్టన్‌ది జనవరిలో. టెక్సస్ ఎండాకాలం మన ఎండాకాలంలాంటిదే కాబట్టి పైన చెప్పిన లెక్కే వాళ్లకీ వర్తిస్తుంది. షికాగో చదునే గానీ అక్టోబరులో వస్తుంది, లాంగ్ రన్లు ఆగస్టు, సెప్టెంబరుల్లో పడతాయి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి దుబాయ్ చలికాలం రేసు, దారి బల్లపరుపు. వేసవిలో అక్కడ బయట పరుగు కుదరదు కాబట్టి మొదటి నెలలు ట్రెడ్‌మిల్ మీదే గడుస్తాయి.

ఈ లెక్కన మన దగ్గర మొదలుపెట్టడానికి జులై మంచి నెల. వానాకాలం, చలికాలం తొలి భాగం కౌచ్ టు 5కే, చలికాలం చివర ఒక 10కే, మరుసటి ఆగస్టులో హైదరాబాద్ హాఫ్, ఆపై జనవరిలో ముంబయి లేదా చెన్నై ఫుల్.

బూట్లు, తిండి

బూట్లకి నిజమైన నియమాలు రెండే. సాయంత్రం కాళ్లు కాస్త వాచి ఉన్నప్పుడు వెళ్లి బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండేలా తీసుకోండి. కార్బన్ ప్లేట్ ఉన్న ఖరీదైన రేసు బూట్లు వద్దు. మొదటి మూడు నెలలకి డెకాథ్లాన్‌లో దొరికే మామూలు రన్నింగ్ బూట్లు చాలు. 10కే దాటాక ఆసిక్స్, బ్రూక్స్ లాంటి వాటిలో మెత్తటి జత చూసుకోవచ్చు. ఆరేడు వందల కిలోమీటర్లకి జత మార్చాలి. రేసు రోజు కొత్త బూట్లు, కొత్త సాక్సు, కొత్త టీషర్టు ఏవీ వేసుకోవద్దు, రేసుకి ముందు జరిగే ఎక్స్‌పోలో (బిబ్‌లు ఇచ్చే, సామాన్లు అమ్మే మేళా) ఎంత ఆశపెట్టినా.

తిండిలో ఎంపిక జెల్‌కీ (పరుగులో పిండుకుని మింగే చక్కెర ముద్ద ప్యాకెట్) మన తిండికీ మధ్య. గంటన్నర లోపు పరుగుకి ఏదీ అక్కర్లేదు. అది దాటితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, ఎందుకంటే ఒంట్లో గ్లైకోజెన్ రూపంలో ఉండే పిండిపదార్థపు నిల్వ చాలామందికి ముప్పై కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. మామూలు అరటిపండులో పాతిక గ్రాముల దాకా ఉంటుంది, ఒక జెల్‌లోనూ ఇంచుమించు అంతే. చిన్న బెల్లం ముక్క, ఖర్జూరాలు కూడా బాగానే పనిచేస్తాయి. పల్లీ చిక్కీ మాత్రం కొవ్వు వల్ల నెమ్మదిగా అరుగుతుంది, పరుగు అయిపోయాక తినండి. నాకైతే మొదటి సగానికి అరటిపండు, నమలడానికి కూడా ఓపిక లేని రెండో సగానికి జెల్ సరైన పంపకం అనిపిస్తుంది. ఏదైనా లాంగ్ రన్లలో రెండు మూడుసార్లు కడుపుకి అలవాటు చెయ్యాలి. ఓఆర్ఎస్‌ని శక్తి కోసం తాగేవాళ్లున్నారు. అందులో ఉప్పు సరిపడా ఉంటుంది గానీ గ్లూకోజు లీటరుకి 13.5 గ్రాములే. ఉప్పుకి ఓఆర్ఎస్, శక్తికి పండో జెల్లో.

నీళ్లు ఎంత ఎక్కువ తాగితే అంత మంచిదన్నది నిజం కాదు. ఐదారు గంటలు మెల్లగా పరుగెత్తుతూ ప్రతి స్టాల్ దగ్గరా గ్లాసుల కొద్దీ మంచినీళ్లు తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. లాంగ్ రన్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. తర్వాత బరువు పెరిగి ఉంటే నీళ్లు ఎక్కువ తాగారన్నమాట.

ఫుల్‌కి డబ్బు కట్టడం హాఫ్ పూర్తయ్యాకే. హాఫ్ తర్వాత రెండు వారాలు తేలిగ్గా గడిపి, మోకాళ్లు, మడమలు ఏమంటున్నాయో చూడండి. ముంబయికి పేర్లు రేసుకి నెలల ముందే నిండుతాయి కాబట్టి ఆగస్టు దాటాక ఎక్కువ ఆలస్యం చెయ్యొద్దు. పాత రేసు టైమింగ్ సర్టిఫికెట్ అడిగే రేసులున్నాయి, హాఫ్‌ది అప్పటికి మీ చేతిలో ఉంటుంది. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబరు) రేసు రోజు ఇవ్వరు, ముందే ఎక్స్‌పోకి వెళ్లి తీసుకోవాలి. అందుకని శుక్రవారం ఉదయానికల్లా ముంబయిలో ఉండేలా చూసుకోండి. హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో, స్టార్ట్ లైన్ దాని ఎదురుగానే. గది కూడా ఆ చుట్టుపక్కలే తీసుకుంటే తెల్లవారుజామున టాక్సీ కోసం వెతుక్కోకుండా నడిచి వెళ్లిపోవచ్చు.